నూకల పళ్లెం

దసరా సెలవులకు మీ పెద్దమ్మ పిల్లలిద్దరూ, అక్క, చిన్నోడు, మీ ఊరికి వస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీరు వాళ్ల కోసం ఆటలు సిద్ధం చేసి పెట్టుకున్నారట. వాటిలో ఒకటి కొత్తగా కొన్నారట. అట్టముక్క తియ్యాలి, దాని మీద ఉన్నది గబగబా పైకి చదవాలి, తడబడినవాళ్లు ఓడినట్టు. ఆ ఒక్క ఆట అటక మీద పెట్టెయ్యండి. ఎందుకో చెబుతాను. ఫోన్లో చెబితే మీరు సగం విని బ్యాట్ పట్టుకుని పరుగెత్తుతారు, అందుకని రాస్తున్నాను. మీ అమ్మ చదివి వినిపిస్తుంది.

మీకు తెలుగు చదవడం రాదు. పూణేలో పుట్టి పెరిగారు, ఎవరూ నేర్పలేదు, రాలేదు. అక్క సంగతి అలాంటిది కాదు. అక్కకు అందరూ నేర్పారు.

అక్కను మీరు పెళ్లిళ్లలో చూశారు కాబట్టి దాని మాటలు మీకు తెలుసు. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఎవరి చీర ఎవరిదో, అన్నీ చెబుతుంది. ఒకసారి విన్నది దాని చెవిలోంచి జారిపోదు. అందుకే రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. కోదాడలో సాయంత్రం పూట వాళ్లిద్దరూ ఫ్యాను కింద చేరేవాళ్లు. చిన్నోడు అక్క కన్నా ఒక క్లాసు తక్కువ, కానీ అక్క పుస్తకం వాడు బోర్లా పడుకుని పైకి చదివేవాడు. అది పక్కన కూర్చుని బొమ్మకు జడ వేస్తూ వినేది. అంతే, పాఠం వచ్చేసేది. మరునాడు క్లాసులో టీచరు లేపితే బొమ్మ చూసి పాఠం మొత్తం అప్పజెప్పేది. మేమందరం చిన్నోడు చురుకైనవాడని మురిసిపోయాం కానీ, వాడు ఎందుకు చదువుతున్నాడో ఎవరం అడగలేదు.

పై క్లాసులకు వచ్చేసరికి పుస్తకాల్లో బొమ్మలు తగ్గాయి, పాఠాలు పొడుగయ్యాయి. బోర్డు మీద రాసినది ఎక్కించుకునేలోపే తుడిచేసేవారు. స్కూలుకు బయల్దేరే వేళకు అక్కకు కడుపునొప్పి వచ్చేది, ఆదివారం మాత్రం రాదు. ట్యూషన్ పెట్టించారు. మీ పెద్దనాన్న పొద్దున టిఫిన్ తినే ముందు దాన్ని నిలబెట్టి పేపర్లో పెద్దక్షరాలు చదివించేవాడు. అది ఒక్కో అక్షరం దగ్గర ఆగి, మింగి, ఏదో ఒకటి అనేది. ఆయన చిన్నోడి వైపు తిరిగి, "రైటేనా రా?" అనేవాడు. వాడు తల అడ్డంగా ఊపితే అక్క నెత్తిన ఒక మొట్టికాయ పడేది. పిల్లవాడి చేత తప్పు చెప్పించడం ఎందుకని నాకు అనిపించింది. ఇంకేమీ అనిపించలేదు.

కిందటి జనవరిలో స్కూలు వాళ్లు పిలిపించారు. హెడ్‌మేడం మర్యాదగానే మాట్లాడారట. అమ్మాయి వెనకబడి ఉంది, నాలుగో క్లాసు మళ్లీ చదివిస్తే పునాది గట్టిపడుతుంది, ఏప్రిల్ లోపల ఆలోచించి చెప్పండి అన్నారట. మీ పెద్దనాన్న అక్కడే సరేనన్నంత పని చేసి వచ్చాడు. అప్పుడు చిన్నోడు మూడో క్లాసు. జూన్ వస్తే వాడూ నాలుగుకు వస్తాడు. ఆ స్కూల్లో క్లాసుకు ఒకటే గది.

ఆ రోజు సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. మామూలు గొంతుతోనే అంది, "అమ్మమ్మా, నన్ను ఎక్కడైనా కూర్చోమను, కూర్చుంటా. కింద కూర్చోమన్నా కూర్చుంటా. చిన్నోడి క్లాసులో మాత్రం వద్దని చెప్పు."

మీ అన్నదమ్ముల్లో ఎవరు ముందు స్కూటర్ ఎక్కాలని మీరు కొట్టుకుంటారు కదా, దాన్నిబట్టి ఆలోచించండి. అక్క అడిగింది అంతే. మార్కులు అడగలేదు, మెప్పు అడగలేదు. తమ్ముడి పక్క బెంచీలో తనను కూర్చోబెట్టవద్దంది.

ఇప్పుడు కోదాడ నాయనమ్మ సంగతి చెప్పాలి. ఆమె మీ పెద్దనాన్న వాళ్ల అమ్మ, నాకు వియ్యపురాలు. మేమిద్దరం వదినా అంటే వదినా అనుకుంటాం. ఆమెది కోదాడ మాట, మెత్తగా సాగుతుంది. నాది మిర్యాలగూడ మాట, ఆమె చెవికి మోటు. ఈ గొడవంతా విని ఆమె ఒక రోజంతా ఆలోచించి కారణం కనిపెట్టింది.

అక్కకు మూడేళ్లప్పుడు వసంత పంచమి నాడు అక్షరాభ్యాసం చేశారు. మీకూ చేశారు, మీకు గుర్తుండదు. పళ్లెంలో బియ్యం పోసి, పంతులుగారు పిల్లల వేలు పట్టుకుని అందులో మొదటి అక్షరాలు రాయిస్తారు. ఆ బియ్యంతోనే పాయసం వండి పెడతారు. అక్కకు అన్నీ సవ్యంగా జరిగాయి, పాయసం తిన్నాం, పళ్లెం కడిగి బోర్లించాం. అప్పుడు నేరేడుచర్ల నుంచి ఫోన్ వచ్చింది. మీ పెద్దనాన్న పాలివాళ్లలో ఒక పెద్దాయన ముందు రోజే పోయారు. ఒకరు చెప్పి ఉంటారని ఇంకొకరు అనుకుని అక్కడివాళ్లెవరూ కబురు పెట్టలేదు. పాలివాళ్లలో చావు జరిగితే ఇంటిల్లిపాదికీ మైల, మైలలో శుభకార్యం చేయకూడదు. తెలియక చేశాం. ఆ రోజు అందరం తలస్నానాలు చేసి ఆ మాట మరిచిపోయాం. ఇన్నేళ్లకు ఆమెకు గుర్తొచ్చింది.

"మైలలో దిద్దిన అక్షరం నిలవదు వదినా. దాని తప్పేముంది, మనమే సరిగ్గా మొదలుపెట్టలేదు" అంది.

నాకు ఆ మాట సబబుగానే తోచింది. మీ పెద్దమ్మకు తోచింది, మీ పెద్దనాన్నకూ తోచింది. కారణం తెలియని బాధ కన్నా కారణం తెలిసిన బాధ మోయడం తేలిక. వసంత పంచమి దగ్గరలోనే ఉంది. మళ్లీ చేయిద్దామనుకున్నారు. తొమ్మిదేళ్ల పిల్లకు కోదాడలో చేస్తే వీధి వీధంతా అడుగుతుందని, మా మిర్యాలగూడకు తీసుకొచ్చారు.

గుడి మంటపంలో వరసగా పీటలు వేశారు. ఒక్కో పీట మీద ఒక తండ్రి, ఒళ్లో ఒక పిల్లో పిల్లాడో, ముందు పళ్లెం, పలక, బలపం. సగం మంది ఏడుస్తున్నారు. ఒకడు బియ్యం నోట్లో పోసుకుంటున్నాడు. మధ్యలో అక్క, పట్టులంగా కట్టుకుని, మీ పెద్దనాన్న ఒళ్లో పట్టదు కనుక పక్కనే మఠం వేసుకుని కూర్చుంది. ఒళ్లో ఉన్న పిల్లలందరి కన్నా తలా భుజాలూ ఎత్తు. మీ పెద్దనాన్న కొబ్బరికాయ వంకతో లేచి పోయాడు. నేను వెనక స్తంభం దగ్గర ఉన్నాను.

పక్క పీట వాళ్లావిడ, కాటన్ చీర కట్టుకున్న మనిషి, అక్కను చూసి వంగి అడిగింది. "ఎవరికి బిడ్డా అక్షరాభ్యాసం?"

అక్క తడుముకోకుండా పక్క పీట మీద తండ్రి ముక్కు పీకుతున్న పిల్లాడిని చూపించింది. "వీడికండీ. నేను ఊరికే తోడొచ్చా."

"అట్లనా" అంది ఆవిడ. "వీడు నా కొడుకు. వీనికి ఇంత పెద్ద అక్క ఉన్నదని నాకే తెల్వదు."

అక్క తల దించుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే, "ఈ ఒక్కరోజుకి ఉంటాలెండి ఆంటీ" అంది.

ఆవిడ నవ్వలేదు. అక్క పక్కన నేల మీదే కూర్చుని, "అయితే జర వీణ్ణి సూస్కో. నీ పళ్లెంల ఉమ్ముతడు" అంది.

పంతులుగారు వచ్చి అక్క వేలు పట్టుకుని బియ్యంలో రాయించారు. తర్వాత తనంతట తానే రాయమన్నారు. అక్క వేలితో గీత వెంట గీత దిద్దుకుంటూ, ఒక్కో శబ్దం పైకి అంటూ, తప్పు లేకుండా రాసింది. ఆయన సంతోషించి పలక మీద అవే అక్షరాలు రాసి, పక్కన చూసి రాయమన్నారు. బలపం పట్టుకుని అక్క అలాగే ఉండిపోయింది. రెండు అక్షరాలు గీసి చెరిపింది. పక్క పళ్లెంలో పిల్లాడు బియ్యం విసురుతుంటే ఆ వంకతో వాడి వైపు తిరిగింది. పంతులుగారు తరవాతి పీటకు వెళ్లారు. ఆవిడ మాత్రం పళ్లెం వైపు, పలక వైపు రెండుసార్లు చూసింది.

గుడి మెట్ల దగ్గర ఆవిడే మీ పెద్దమ్మను పలకరించింది. మిర్యాలగూడ ఆవిడ పుట్టిల్లు, కొడుకు అక్షరాభ్యాసానికి వచ్చింది. ఉద్యోగం సూర్యాపేటలో. చదవడం కష్టమయ్యే పిల్లలను పరీక్షించి, వాళ్లకు నేర్పే పనే ఆవిడది. పాపను ఒకసారి తీసుకురండి అంది. మా పాపకేం లేదండి అని మీ పెద్దమ్మ చెంగు సర్దుకుంది. ఏమీ లేకుంటే మంచిదే, ఒకసారి తీసుకురండి అని ఆవిడ మళ్లీ అంది. ముందు కళ్లు, చెవులు చూపించి రమ్మంది.

రెండూ చూపించాం. బాగున్నాయన్నారు. సూర్యాపేటకు మీ పెద్దనాన్నే కారు నడిపాడు. దారి పొడుగునా ఇదంతా టైము దండగని అంటూనే ఉన్నాడు.

ఆ మేడం అక్కను చాలాసేపు కూర్చోబెట్టుకుంది. కథ చెప్పమంది, అక్క చెప్పింది, అది ఆపడమే కష్టమైంది. ఒక మాట పలికి అందులో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుంది అని అడిగింది. చిన్నోడైతే అరక్షణంలో చెప్పేస్తాడు, అక్క పెదవులు కదుపుతూ వెతుక్కుంది. చివరికి చిన్న పేరా చదవమంది. అక్క గడియారం చూస్తున్నట్టు గోడ వైపు చూసింది. మేడం పుస్తకం మూసేసి, చాలు బిడ్డా, బాగ చేసినవ్ అంది.

తర్వాత మాకు చెప్పింది. దీన్ని డిస్‌లెక్సియా అంటారట. బద్ధకం కాదు, తెలివితక్కువా కాదు, కళ్ల జబ్బూ కాదు. రాసి ఉన్న గుర్తును చూసి దాన్ని శబ్దంగా మార్చుకునే పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అక్కకు అది తెలిసి తెలిసి, ఒక్కో గుర్తుకూ విడిగా చేసుకోవాల్సి వస్తుంది. అందుకే అలిసిపోతుంది. తెలుగులో రాసినట్టే పలుకుతాం కనుక నెమ్మదిగానైనా చేరుతుంది. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి, అక్కడ ఎక్కువ తిప్పలు. మాత్రలు లేవు, తగ్గిపోయేది కాదు. నేర్పే తీరు మార్చాలి, టైము ఎక్కువ ఇవ్వాలి, పదిమందిలో నిలబెట్టి చదివించడం మానాలి. వినడం ద్వారా నేర్చుకుంటోంది కదా, దాన్ని తప్పుపట్టొద్దంది. ఒకే క్లాసులో మళ్లీ కూర్చోబెడితే ఇది పోదని గట్టిగా చెప్పింది.

మీకు అర్థమయ్యేలా నేను ఒకటి చెబుతాను. సాగర్ కాలువ నీళ్లు త్రిపురారం పొలాలకు ముందు అందుతాయి. కాలువ చివరి భూములకు ఆలస్యంగా వస్తాయి. భూమి మంచిదే, విత్తనం మంచిదే. తూము ఇంకొంతసేపు తెరిచి ఉంచాలి, అంతే. ఆలస్యంగా తడిసిందని పొలాన్ని ఎవరూ మొట్టరు.

మీ పెద్దమ్మ మొహమాటపడుతూనే మైల సంగతి కూడా అడిగింది. ఆ మేడం నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "నా కొడుక్కి మంచి ముహూర్తంలనే చేసినమమ్మా. వానికి చదువు సులువుగ వస్తదో రాదో నాకింకా తెల్వదు" అంది.

ఆ తర్వాత, ఇంట్లో ఇంకెవరికైనా చదవడం ఇబ్బందిగా ఉండేదా, ఇది కొన్ని కుటుంబాల్లో ఉంటుంది అని అడిగింది. మీ పెద్దనాన్న కారు దారికి అడ్డంగా ఉందేమో చూసొస్తానని బయటికి వెళ్లాడు. కారు చెట్టు కింద, ఎవరికీ అడ్డం లేకుండా ఉంది.

ఇంట్లో చేయాల్సిన పని మేడం చూపించింది. పళ్లెంలో బియ్యం పోసి, వేలితో అక్షరం దిద్దుతూ, దాని శబ్దం పైకి అనాలి. వేలు, చెవి, నోరు మూడూ కలిస్తే అక్షరం పట్టు దొరుకుతుందట. మీ పెద్దమ్మ నా మొహం చూసింది.

"మొన్న గుళ్లె చేసిందే కదమ్మా" అంది మేడం. "పంతులుగారు ఒక్కనాడు రాయిస్తరు. మీరు రోజూ రాయించాలె."

"ఆ బియ్యం పాయసం వండినం మేడం" అంది మీ పెద్దమ్మ. అప్పుడు అందరికీ నవ్వొచ్చింది.

నేను మిర్యాలగూడ వెళ్లి బట్టలు సర్దుకుని, ఉప్మాకు పనికొస్తాయని మా వీధి చివరి మిల్లులో నూకలు ఒక సంచి కట్టించుకుని కోదాడకు వచ్చేశాను. బియ్యం కన్నా నూకలు మేలని తర్వాత తెలిసింది. గింజ జారదు, వేలు తీసిన చోట గీత అలాగే నిలుస్తుంది.

నాయనమ్మకు ఇదేమీ నచ్చలేదు. "మీ మిర్యాలగూడలో చదువు కూడా మర పట్టిస్తారా వదినా?" అంది సంచి చూసి.

"ఒడ్లయితే పట్టిస్తరు వదినా. చదువు ఇంట్లనే దంచుకోవాలె" అన్నాను.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరం వరండాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాం. ఆమె మళ్లీ మైల మాట ఎత్తింది. ఈసారి మంచి ముహూర్తంలో చేశాం కదా, ఇక దానంతటదే వస్తుంది, ఈ నూకల గోల ఎందుకంది. నేను ఆమెను తప్పుపట్టాలని అడగలేదు, ఊరికే అడిగాను.

"మా అల్లుడికి అక్షరాభ్యాసం ఎప్పుడు చేసిన్రు వదినా?"

"మూడో ఏడు దాటకుండానే చేశాం. దివ్యమైన ముహూర్తం. మైలా లేదు, మట్టీ లేదు. వీడు పెద్ద చదువులు చదువుతాడని పంతులుగారు ఆ రోజే అన్నారు" అంది.

అని ఆగిపోయింది. మీ పెద్దనాన్న చదువు పదో క్లాసుతో అయిపోయింది. వాడికి వ్యాపారం మీదే ధ్యాస అని ఆమె పెళ్లిచూపుల్లో మాకు చెప్పింది, మేము నమ్మాం. ఆమె చేతులు పనిచేస్తూనే ఉన్నాయి కానీ, గింజలు పండులో, పండు గింజల్లో వేస్తోంది. నేను చూడనట్టు ఉన్నాను. చాలాసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఏది కావాలి? ఈ అంచు ఎత్తుగా ఉన్నదైతే కింద చిందవు" అంది. మైల మాట మళ్లీ ఎత్తలేదు.

ఒకటి రెండు రోజుల తరవాత నేను మీ పెద్దనాన్నకు అన్నం క్యారియర్ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఎరువులు, పురుగుమందుల దుకాణం, మీరు చూశారు. ఒక రైతు ఖాళీ సీసా తెచ్చి ఇదే కావాలంటే ఆయన వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి చాపి అదే సీసా తీసిచ్చాడు. ఇంకో రైతు మందు పేరు రాసిన చీటీ ఇచ్చాడు. ఆయన దాన్ని తిప్పి గుమస్తా చేతిలో పెట్టి, పైరు ఎట్లా ఉంది, ఆకు ముడుచుకుందా, మచ్చ వచ్చిందా అని అడగడం మొదలుపెట్టాడు. గుమస్తా చదివి మందు తెచ్చాడు. ఎంతో మామూలుగా జరిగింది. పొద్దున్నే పేపరు చదివించేటప్పుడు ఆయన చిన్నోడి వైపు ఎందుకు తిరిగేవాడో నాకు అక్కడ బల్ల మీద కూర్చుని తెలిసింది. ఆయనకు అన్నం వడ్డించి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు.

ఇక మా పని రోజూ పొద్దున, స్కూలుకు ముందు. కొన్ని అక్షరాలే, ఎక్కువ కాదు. అక్క వేలితో దిద్దుతూ శబ్దం అనేది, అరచేత్తో చదును చేసేది, మళ్లీ దిద్దేది. గుణింతాల దగ్గర బాగా విసిగింది. ఒకరోజు పళ్లెం తన్నేసింది. నూకలు మంచం కిందికి, బీరువా కిందికి పోయాయి, తర్వాత చీమలు వచ్చాయి. నాయనమ్మ చీపురు పట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా ఊడ్చింది. ఇంకోరోజు అక్క ఒక మాట మొత్తం తనంతట తాను కూడబలుక్కుని, అది తన పేరని చూసి, "ఇది నేనే" అంది. అలాంటి రోజులు తక్కువ. చిన్నోడికి మేము ఒక నిబంధన పెట్టాం. సైన్సు, సోషలు వాడు ఎప్పటిలా చదివి వినిపించొచ్చు. నూకల దగ్గర నోరు మెదపకూడదు. వాడికి అదే కష్టమైంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు.

మీ పెద్దనాన్న మొట్టికాయలు మానేశాడు, పేపరు చదివించడమూ మానేశాడు. కానీ స్కూలుకు ఏం చెబుతాడో మాకు తెలియదు. అడిగితే, చూద్దాం అనేవాడు. అక్క నన్ను రోజూ అడిగేది. నేను కూడా చూద్దాం అనేదాన్ని.

ఏప్రిల్‌లో పిలిచారు. ఆయన, మీ పెద్దమ్మ, అక్క, నేను వెళ్లాం. హెడ్‌మేడం బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఉంది. అది ఆయన ముందుకు జరిపి సంతకం చెయ్యమన్నారు. ఆయన ఇలాంటివి ఎప్పుడూ అక్కడికక్కడ సంతకం చేస్తాడు. పెన్ను తీశాడు కూడా. అక్క కుర్చీ అంచు పట్టుకుని ఆయన చేతిని చూస్తోంది.

ఆయన పెన్ను మూత మళ్లీ పెట్టాడు. "మేడం, నాకు చదవడం బాగా ఆలస్యం అండీ. ఇది చదవాలంటే మధ్యాహ్నం అవుతుంది. మీరే చదివి చెప్పండి, వింటాను" అన్నాడు.

మీ పెద్దమ్మ నేను చదువుతానని చెయ్యి చాపింది. ఆయన కాగితం ఇవ్వలేదు. హెడ్‌మేడం కొంచెం తికమకపడి, చదివి, తెలుగులో చెప్పారు. మా అమ్మాయిని మా ఇష్టప్రకారమే నాలుగో క్లాసులో మళ్లీ ఉంచమని కోరుతున్నాం అని అందులో ఉంది.

"మా ఇష్టం అని రాశారు. మా ఇష్టం కాదు కదండీ" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "నన్ను కూడా చిన్నప్పుడు ఒకసారి ఆపారండీ, మా తమ్ముడి క్లాసులో. చదువు రాలేదు. సిగ్గొచ్చింది. అది ఇంకా పోలేదు."

అక్క కుర్చీ వదిలేసి ఆయన వైపు చూసింది. అంతవరకు దాని తండ్రి పుస్తకం ముందు తడబడే మనిషని దానికి తెలియదు.

హెడ్‌మేడం మంచి మనిషే. ఆమెకూ ఈ సంగతి కొత్త. మీ పెద్దమ్మ సూర్యాపేటలో ఇచ్చిన కాగితాలు చూపించి, ప్రశ్నలు నోటితో అడిగి చూడండి అంది. ఆమె సైన్సులో విత్తనం గురించి అడిగారు. అక్క విత్తనం దగ్గర మొదలుపెట్టి, మొలక, ఆకు, వాళ్ల నాన్న అమ్మే మందుల దాకా వచ్చింది. చాలమ్మా చాలు అని ఆపాల్సి వచ్చింది. పరీక్షలో ఒకరికి ప్రశ్నలు చదివి వినిపిస్తే, టైము ఎక్కువిస్తే, మిగతా పిల్లలందరూ అడగరా అని ఆమెకు అనుమానం. మీ పెద్దమ్మ తన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది నేను పెట్టుకున్ననని క్లాసంత అడుగుతరా మేడం?" అంది.

ఐదో క్లాసుకు పంపుతామన్నారు. నిలబెట్టి చదివించబోమన్నారు. ప్రశ్నపత్రం ఒక టీచరు చదివి వినిపిస్తుంది. ఇంగ్లీషు సంగతి చూద్దామన్నారు. అన్నీ ఒప్పుకోలేదు, కొన్ని ఒప్పుకున్నారు.

కారులో అక్క ముందు సీట్లో కూర్చుంది. స్కూలు గేటు దాటాక అడిగింది, "నాన్నా, మరి కొట్లో మందులు ఎట్లా ఇస్తావు?"

"పేరు గుమస్తా చూస్తాడు. నేను మూత రంగు చూస్తా, సీసా భుజం చూస్తా."

"నేనూ బస్సులు అంతే. మిర్యాలగూడ బస్సుకి డ్రైవరు పక్కన దండ ఉంటుంది."

"దండ తీసేస్తే?"

"పక్కన ముసలాయన్ని అడుగుతా. ముసలాళ్లు కోప్పడరు."

ఆయన నవ్వాడు. పెళ్లి శుభలేఖలు మీ పెద్దమ్మ చేత ఎలా చదివించుకుంటాడో చెప్పాడు. అక్క క్లాసులో తన వంతు వచ్చే ముందు నీళ్లకు ఎలా వెళ్తుందో చెప్పింది. ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ తమ తమ కిటుకులు చెప్పుకుంటూనే ఉన్నారు. వెనక సీట్లో మీ పెద్దమ్మ, నేను బయటికి చూస్తూ కూర్చున్నాం.

అక్క ఇప్పుడు తెలుగు వేలు పెట్టుకుని చదువుతుంది, నెమ్మదిగా. ఇంగ్లీషు ఇంకా నెమ్మది. మీ ఇంట్లో ఏదైనా చదవాల్సి వస్తే అది అడిగినప్పుడు చదివి పెట్టండి, అడగకపోతే ఆగండి. మాట మధ్యలో అందించొద్దు, దానికి కోపం. సాయంత్రం దాని చేత కథలు చెప్పించుకోండి, దాన్ని ఆపడం మీ వల్ల కాదు. పళ్లెం, నూకలు కూడా తెస్తుంది. వాటితో ఉప్మా చేయవద్దని మీ అమ్మకు చెప్పండి.

జూన్‌లో స్కూలు తెరిచిన రోజు నేను కోదాడలోనే ఉన్నాను. వాళ్లతో పాటు గేటు దాటి లోపలికి వెళ్లాను. నాలుగో క్లాసు, ఐదో క్లాసు పక్కపక్క గదులు. అక్క గుమ్మం పైన క్లాసు పేరున్న బోర్డు వైపు చూడలేదు, నేరుగా రెండో గదిలోకి వెళ్లింది. చిన్నోడు ఎన్నేళ్లుగానో అక్క పుస్తకం చదివిన అలవాటు మీద, సంచి ఊపుకుంటూ దాని వెనకే లోపలికి పోయాడు. అక్క బెంచీ మీద సంచి పెట్టి వెనక్కి తిరిగింది. వాడి రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తిప్పి, గుమ్మం దాకా నడిపించి, పక్క గది చూపించింది.

"నీది అది" అంది. "ఇది నాది."